షుగర్ పుండ్లకు రాసే మూలికా లేపనాలపై వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను స్టాఫ్ నర్సుగా ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ రూములోనే గడిచింది. షుగర్ పేషెంట్లు కాలి పుండ్లకు రాసుకునే పసర్లు, ఆయింట్‌మెంట్ల గురించి మీకు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక రైసు మిల్లు హమాలీని ఇప్పటికీ మర్చిపోలేను. అరికాలికి కట్టిన పాత చీర ముక్క విప్పితే పచ్చటి ముద్ద ఎండి అట్టకట్టి ఉంది. గడ్డి చామంతి ఆకు, పసుపు, వేపనూనె కలిపి ఆయన భార్య రోజూ ఎంతో శ్రద్ధగా కడుతోంది. సెలైన్‌తో నానబెట్టి మెల్లగా తీస్తే లోపల రూపాయి బిళ్లంత గుంట. ఒకటే వాసన. ఆయనకు మాత్రం నొప్పే లేదు. గుమ్మం బయట విడిచిన చెప్పు తెప్పించి చూస్తే అడుగు నుంచి మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. తొమ్మిది రోజులు ఆ చెప్పులతోనే బస్తాలు మోశాడు. "మంట కూడా లేదు కదమ్మా, తగ్గిపోతోందనుకున్నా" అన్నాడు. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

పసరు వల్లే వేళ్లు పోయాయని నేననను. మందు రాస్తున్నాం కదా అన్న ధీమాతో తొమ్మిది రోజులు పోయాయి. షుగరు ముదిరితే నరాలు మొద్దుబారి స్పర్శ పోతుంది, పాదానికి రక్తం సరిగా అందదు, ఒంటి బరువంతా పడేదేమో ఆ పుండు మీదే. ముందు కుళ్ళిన కండ తీయాలి, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ ఇవ్వాలి, షుగరు అదుపులోకి తేవాలి, పుండు మీద బరువు పడకుండా చూడాలి. పైపూత సంగతి వీటితో పాటే గాని వీటికి బదులు కాదు.

అలాగని మూలికలను కొట్టిపారేయడం కూడా నాకిష్టం లేదు. సుశ్రుతుడు వ్రణాలకు అరవై రకాల చికిత్సలు చెప్పాడు. వాటిలో లేపనాలతో పాటు కోయడం, కడగడం, కట్టు కట్టడం కూడా ఉన్నాయి. మనవాళ్లు లేపనం ఒక్కటే పట్టుకుని మిగతావి వదిలేశారు. పుండ్లకు వాడే జాత్యాది తైలం అంటే ఆకులే కదా అనుకుంటారు, అందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా పడుతుందని చాలామందికి తెలియదు.

తైవాన్ వాళ్లు ఏం చేశారో చూడండి. వామాకు, సరస్వతి ఆకు సారాలతో ఒక క్రీము తయారుచేసి, 236 మంది షుగర్ పుండ్ల రోగుల మీద పరీక్షించారు. 16 వారాల్లో క్రీము వాడినవారిలో దాదాపు 61 శాతం మందికి పుండు పూర్తిగా మానింది, మామూలు డ్రెస్సింగ్ వాడినవారిలో 35 శాతం మందికి. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, అక్కడి ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. పరీక్షకు డబ్బు పెట్టింది తయారీ కంపెనీయే, అది కూడా గుర్తుంచుకోవాలి. పైగా అది కొలత ప్రకారం తీసిన సారం, రోట్లో నూరిన పసరు కాదు. షుగర్ పాదాలకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు 2023లో కూడా మూలికా డ్రెస్సింగులు వాడొద్దనే చెప్పాయి. కానీ వామాకుతో బజ్జీలు వేసుకునేది మనం, సరస్వతి ఆకు పిల్లలకు పెట్టేది మనం. మన ఆకుల సంగతి మనమే ఎందుకు తేల్చుకోకూడదు?

విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అదే ఊళ్లో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టి సరైన ట్రయల్ చేయించండి. అందరికీ పూర్తి వైద్యం ఇస్తూనే, సగం మందికి అదనంగా లేపనం వాడి చూడాలి. ఫలితం ఎలా వచ్చినా జనానికి చెప్పండి. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా "కాలు తీయకుండా మాన్పుతాం" అనే బోర్డులు బస్టాండ్ల దగ్గర నేనే చూశాను. వాటి మీద చర్య తీసుకోండి.

ఇంకో రెండు చిన్న పనులు ఉన్నాయి. కుష్ఠు రోగులకు ప్రభుత్వం మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు ఇస్తోంది. స్పర్శ పోయిన షుగర్ రోగులకు కూడా ఆ చెప్పులు ఇప్పించండి. ఆ హమాలీ కాలికి అలాంటి చెప్పు ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. రెండోది, కేసు షీటులో "ఇంట్లో ఏం రాశారు?" అని ఒక గడి పెట్టించండి. పసరు రాశావా అని కసిరితే రోగులు దాచేస్తారు, మళ్లీ రారు. నెమ్మదిగా అడిగితే ఆకు పేరుతో సహా చెబుతారు. ఎవరు, ఏ ఆకు, ఎన్నాళ్లు రాశారన్నది అలా మన చేతికొస్తుంది.

మీరు ఆ ట్రయల్ మొదలుపెడితే, డ్రెస్సింగ్ రూములో జీతం లేకుండా పనిచేయడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు
పశ్చిమ గోదావరి జిల్లా