ఇంట్లో కుట్టుకునే కార్టూన్ బొమ్మ

సంపాదకులకు నమస్కారం.

ఆట బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినా, మా బరంపురంలో దాన్ని చూసి కొనేవారు అరుదు. అంతకంటే ఇంట్లో కుట్టుకోవడం మేలని నా అభిప్రాయం. కార్టూన్ పిల్లి డోరేమాన్‌కు చెవులు లేవు గనుక కొత్తగా సూది పట్టినవారికి అదే సులువు.

కాగితంపై ఆకారం గీసి, చుట్టూ ఒక సెంటీమీటరు అదనంగా వదిలి రెండు గుడ్డముక్కలు కత్తిరించాలి. కళ్లు, మీసాలు ముందే దారంతో కుట్టేసి, ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా ఉండేలా పేర్చి, మూడు వేళ్లు దూరేంత సందు విడిచి చుట్టూ కుట్టాలి. వంపుల వద్ద కుట్టును తాకకుండా అంచుకు చిన్న గాట్లు పెట్టాకే తిరగేయాలి, లేకుంటే తల గుండ్రంగా రాక ముడతలు పడుతుంది. తర్వాత ఆ సందులోంచి దూది నింపి, సందును కుట్టేయాలి. బూరుగుదూది మెత్తనే గాని ఉతికితే ఉండలు కడుతుంది. పాలిస్టర్ దూది నయం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు గుండీలు కుట్టవద్దు, ఊడితే మింగేస్తారు.

మీ ఆదివారం పిల్లల పేజీలో ఇలాంటి బొమ్మల కోత నమూనాలను అసలు కొలతలతో ముద్రించగలరని మనవి. ప్రసిద్ధ కార్టూన్ బొమ్మలైతే హక్కుదారుల అనుమతి తీసుకోవలసి ఉంటుంది కాబట్టి, మన ఊరి పిల్లి, ఏనుగులతో మొదలుపెట్టినా సంతోషమే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా