విషయం: మోసపు లావాదేవీల అసలు తీసేశారు, కొసరు మిగిల్చారు

హైదరాబాద్,
2025 జూన్ 26.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
క్రెడిట్ కార్డుల విభాగం.

అయ్యా,

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మీ కార్డుదారు తరఫున, ఆమె సంతకం చేసిన అధికార పత్రం జతచేసి, వినియోగదారుల సహాయ బృందంగా ఇది రాస్తున్నాం. మార్చి 9 తెల్లవారుజామున 1.12కి ఒకటి, 1.14కి ఒకటి, ఆమె కార్డు మీద ఓ విదేశీ వెబ్‌సైట్‌లో రెండు లావాదేవీలు పడ్డాయి. ఒకటి 28,750, ఇంకొకటి 19,650, వెరసి 48,400 రూపాయలు. ఉదయం 7.40కల్లా మీ కాల్ సెంటర్‌కు చెప్పి కార్డు బ్లాక్ చేయించారు. అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930లోనూ ఫిర్యాదు నమోదైంది. అవి ఆమె చేసినవి కావని ఒప్పుకుని జూన్ 5న ఆ 48,400 జమ చేశారు. 90 రోజుల గడువులోపే తేల్చారు, అందులో మాకు పేచీ లేదు. పేచీ అంతా జమకు వేసిన తేదీ మీద.

రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కార్డుదారు చెప్పిన 10 పనిదినాల్లో షాడో క్రెడిట్, అంటే విచారణ తేలేలోపే తాత్కాలిక జమ, ఇవ్వాలి. అది లావాదేవీ జరిగిన తేదీతోనే పడాలి, వడ్డీ భారం ఆమె మీద పడకూడదు. హోళీ సెలవు, ఆదివారాలు తీసేసినా ఆ గడువు మార్చి 21తో ముగిసింది. అప్పుడు ఇచ్చి ఉంటే ఏప్రిల్ 9 గడువుకు ఆమె కట్టాల్సింది సొంత కొనుగోళ్ల 11,260 మాత్రమే. అది ఏప్రిల్ 7నే కట్టారు. షాడో క్రెడిట్ రాలేదు కాబట్టి మీ సిస్టమ్ లెక్కలో బిల్లు పూర్తిగా కట్టనట్టే అయింది. దాంతో వడ్డీ లేని గడువు మొత్తం బిల్లుకే ఎగిరిపోయింది, మోసపు మొత్తానికే కాదు.

ఒక్క వస్తువు చూడండి. ఫిబ్రవరి 25న మలక్‌పేటలో కొన్న 6,200 రూపాయల మిక్సీ. డబ్బు గడువుకు రెండు రోజుల ముందే మీకు చేరింది. అయినా నెలకు 3.5 శాతం చొప్పున 41 రోజులకు 292.50 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 52.65 వేశారు. దొంగ కొట్టేసింది వేరే, మీరు వడ్డీ వేసింది మిక్సీకి!

ఇక 48,400 మీద మార్చి 9 నుంచి జూన్ 5 వరకు 88 రోజుల వడ్డీ 4,901, జీఎస్టీ 882.18. ఏప్రిల్ బిల్లులో కనీస చెల్లింపును వివాదంలో ఉన్న మొత్తాన్ని కూడా కలిపి లెక్కగట్టారు. ఆమె ఆ బిల్లులోని తన కొనుగోళ్ల 1,900 కడితే అది చాలలేదని లేట్ ఫీజు 950, జీఎస్టీ 171. మిగతా చిన్న కొనుగోళ్ల మీద వడ్డీ, జీఎస్టీ 318. జూన్ 20 బిల్లులో కనిపిస్తున్న 7,567.33 ఇదే. ఇందులో ఆమె వాడుకున్నది ఒక్క రూపాయి లేదు.

మీ రికవరీ ఏజెంటు 4,000 కడితే ‘సెటిల్’ చేస్తానన్నారు. దానికి ఒప్పుకోవద్దని ఆమెకు మేమే చెప్పాం. సెటిల్మెంట్ అంటే బాకీ నిజమే, మీరు దయతలచి కొంత వదిలేశారని అర్థం. క్రెడిట్ రిపోర్టులో ఆ మాట పడితే ఇంటి లోనుకు వెళ్లిన ప్రతిచోటా అడుగుతారు. ఈఎంఐగా మార్చుకోమన్న సలహా కూడా అలాంటిదే. ఆ ఏజెంటు ఫోన్ రాత్రి 9.10కి వచ్చింది, సాయంత్రం 7 దాటాక రికవరీ కాల్స్ చేయకూడదని మీకు తెలియనిది కాదు.

కాబట్టి 48,400 జమను మార్చి 9 తేదీకి మార్చి, ఖాతాను అక్కడి నుంచి మళ్లీ లెక్కగట్టండి. గుడ్‌విల్ పేరుతో అన్నిటికీ కలిపి ఒకే మొత్తం జమ వేయొద్దు. ప్రతి వడ్డీకీ ఫీజుకీ ఎదురుగా దాన్ని రద్దు చేసే రివర్సల్ ఎంట్రీ పడాలి, దాని జీఎస్టీతో సహా. ఫీజు వెనక్కిచ్చి జీఎస్టీని ఖాతాలోనే వదిలేయడం తరచుగా చూస్తున్నాం. ఆ నూటా డెబ్బై రూపాయలే తర్వాతి నెల మళ్లీ బాకీగా మొలుస్తాయి.

మే నెలకు సిబిల్ క్రెడిట్ రిపోర్టులో డీపీడీ (గడువు దాటిన రోజులు) గడిలో 021, అంటే 21 రోజులు, అని ఉంది. వివాదం తేలకముందే ఎగవేత కింద పంపకూడదన్నది కార్డుల మీద రిజర్వ్ బ్యాంక్ 2022 ఆదేశాల్లోనే ఉంది. పంపేముందు ఇవ్వాల్సిన 7 రోజుల నోటీసు కూడా ఆమెకు రాలేదు. సిబిల్‌తో పాటు మిగతా క్రెడిట్ సమాచార సంస్థలైన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లకు కూడా సవరణ పంపి, పంపిన తేదీలు మాకు రాయండి. ఒక్క సిబిల్‌లో దిద్దితే మిగతా మూడింట్లో మచ్చ అలాగే ఉంటుంది. క్రెడిట్ రిపోర్టు ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం వర్తిస్తుంది, అదీ అడుగుతాం.

లెక్క తేలేదాకా రికవరీ ఫోన్లు ఆపించండి. జులై 26లోగా రాతపూర్వక జవాబు రాకపోతే ఇవే కాగితాలతో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్తాం.

జతపరిచినవి: అధికార పత్రం, మార్చి నుంచి జూన్ వరకు నాలుగు బిల్లులు, 1930 రసీదు, మీ జూన్ 5 ఈమెయిల్, సిబిల్ రిపోర్టు.

ఇట్లు,
కార్డుదారు తరఫున,
వినియోగదారుల సహాయ బృందం