కొండ సైకిలు: దిగడం నేర్చుకున్నాకే ఎక్కాలి

సంపాదకులకు,

అయ్యా,

ఆదివారం తెల్లవారుజామున కొండదారుల కోసం చేసిన లావుపాటి టైర్ల గేరు సైకిళ్ల (మౌంటెన్ బైకుల) మీద గుంటూరు నుంచి కొండవీడు వైపు బయలుదేరే కుర్రవాళ్లు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నారు. విజయవాడలో కొండపల్లి దారి పట్టేవారూ ఉన్నారు. పిల్లలు ఫోను పక్కన పెట్టి చెమటోడుస్తున్నారంటే ముప్పై ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన నాకు సంతోషమే. అయితే యాభై దాటాక ఈ అలవాటు పట్టుకుని, మొదటి నెలలోనే ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నవాడిగా ఒక మాట చెప్పక తప్పడం లేదు. సైకిలు కొన్నవారంతా ఎంత ఎత్తు ఎక్కామన్నదే చెప్పుకుంటున్నారు. ఎముకలు విరిగేది మాత్రం దిగేటప్పుడే.

నేను పడింది వేగం వల్ల కాదు. కొత్త సైకిలును దుకాణంలో బిగించి ఇచ్చినవారు హ్యాండిల్ కింది బోల్టులు సరిగా బిగించలేదు, నేనూ చూసుకోలేదు. వాలులో మలుపు దగ్గర హ్యాండిల్ తిరిగింది గాని ముందు చక్రం తిరగలేదు. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్‌ను గట్టిగా తిప్పి చూస్తే ఈ లోపం అర నిమిషంలో బయటపడేది. అప్పటి నుంచి ఇల్లు కదిలేముందు ఆ పరీక్ష చేస్తాను. చక్రాల ఇరుసులు బిగువుగా ఉన్నాయా, రెండు బ్రేకులూ విడివిడిగా పట్టుకుంటున్నాయా అన్నదీ చూస్తాను. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే అన్ని సైకిళ్లకూ అది ఒకేలా ఉండదు.

ఈ ఆట పుట్టిందే దిగడంలో. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన కొందరు యువకులు 1970ల్లో పాతకాలపు లావు టైర్ల సైకిళ్లను కొండ మీదికి చేర్చి మట్టిదారిన పోటీలు పడి దిగేవారు. ఆ సైకిళ్ల బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది కాబట్టి, కిందికి చేరేసరికి ఆ వేడికి లోపలి గ్రీజు కాలి పొగలు వచ్చేవట. మళ్లీ గ్రీజు కూరితే గాని సైకిలు పనిచేసేది కాదు. 1976లో మొదలైన ఆ పోటీకి ‘రీప్యాక్’ (మళ్లీ కూరడం) అన్న పేరు అందుకే వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి కొండ సైకిలు పందెం పతకాల క్రీడ అయింది గాని, బ్రేకు వేడెక్కే గుణం ఇప్పటికీ పోలేదు. ఘాట్ రోడ్డు పొడుగునా బ్రేకు నొక్కిపెట్టి దిగి, కిందికి చేరాక చక్రం మధ్యనుండే బ్రేకు డిస్కు (లోహపు బిళ్ల) మీద వేలు పెడితే కాలుతుంది. అందుకే కాస్త పట్టి, కాస్త వదిలి దిగాలి.

దిగడానికి ముందు సీటును రెండు మూడంగుళాలు కిందికి దించుకోవాలి. పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా ఉంచి, వాటిమీద నిలబడి, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి, బరువు అరచేతుల మీద కాక పాదాల మీద మోపాలి. సీటులో కూర్చుండిపోతే ప్రతి రాయీ మనిషిని ఎగరేస్తుంది. వేగం తగ్గించుకోవలసింది మలుపుకు ముందే. మలుపులో, అందులోనూ కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారి మనిషి కింద ఉంటాడు. అలాగని కొందరిలా ముందు బ్రేకును ముట్టనే ముట్టకపోవడమూ పొరపాటే, ఎందుకంటే సైకిలును ఆపే బలంలో ఎక్కువ భాగం దానిదే. చూపు ఎప్పుడూ వెళ్లవలసిన దారి మీద ఉండాలి. రాయినే చూస్తూ పోతే రాయి మీదికే పోతాం.

వీటిని కొండ మీద నేర్చుకోనవసరం లేదు. పాఠశాల మైదానంలో నాలుగు ఇటుకలు పెట్టుకుని, ఆ తరువాత కాలువ గట్టు మట్టిదారిలో పది పదిహేను రోజులు సాధన చేస్తే చేతులకు, కాళ్లకు అలవాటవుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదురుగా కార్లు వస్తాయి కాబట్టి ఎడమ అంచు వదలకూడదు. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. కోట మెట్లు సైకిళ్లు దూకించడానికి కట్టినవి కావు.

సైకిలు కొనేటప్పుడు రంగులకు, వెనక స్ప్రింగులకు మోసపోవద్దని తల్లిదండ్రులకు నా మనవి. చౌక సైకిళ్లలో ఆ స్ప్రింగు బరువు పెంచడం తప్ప చేసే మేలు తక్కువ. అదే డబ్బు మంచి బ్రేకులకు, పిల్లవాడి ఎత్తుకు సరిపోయే ఫ్రేముకు పెట్టాలి. పాదాలు రెండూ నేలకు ఆనించి నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఫ్రేము గొట్టానికి రెండంగుళాలైనా పైన ఖాళీ ఉండాలి. పిల్లవాడు ఎదుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దది కొనడానికి ఇది చొక్కా కాదు.

హెల్మెట్ గురించి చట్టం మోటారు వాహనాలకే చెబుతోంది, సైకిలుకు చెప్పడం లేదు. తలకు ఆ తేడా తెలియదు. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన అడ్డంగా కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి, ఒక్కసారి గట్టి దెబ్బ తిన్నాక పైకి బాగున్నా మార్చాలి. పడేటప్పుడు ముందుగా నేలను తాకేవి అరచేతులు గనుక వేళ్లన్నీ కప్పే గ్లవుజులు కూడా అవసరమే.

మన నేల సంగతి మరొకటి. వాన పడిన మర్నాడు నల్లరేగడి దారిన పోతే బంకమట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య పేరుకుని చక్రమే తిరగదు. సైకిలును భుజాన మోయవలసి వస్తుంది. ఎండాకాలంలో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు సిద్ధంగా ఉంటాయి. అదనపు ట్యూబు, చిన్న పంపు, బోల్టులు బిగించే అలెన్ కీలు వెంట ఉండాలి. మన మామూలు సైకిలు పంపు ఈ ట్యూబుల వాల్వుకు పట్టకపోవచ్చు, అది కొన్న రోజునే చూసుకోవాలి. వేసవిలో ఎనిమిదిన్నరకల్లా కొండ దిగేయాలి. నీళ్లతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా తీసుకెళ్లడం మంచిది. ఒంటరిగా వెళ్లకూడదు, ఏ దారిన వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి, లేకపోతే 108కు ఫోను చేసేవారికి చోటు చెప్పడం కూడా కష్టమవుతుంది.

అధికారులకు ఒక విన్నపం. విదేశాల్లో కొండదారుల కష్టాన్ని బట్టి ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు పెడతారు. కొండవీడులో, కొండపల్లిలో అనుమతించదగిన కాలిబాటలు ఏవో తేల్చి అలాంటి గుర్తులు పెట్టించి, ఊరికి దగ్గరలో చిన్న మిట్టలతో ఒక సాధన స్థలం చూపిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. అంతవరకు మా వీధి పిల్లలు నలుగురైదుగురు ఆదివారం ఉదయం మైదానానికి వస్తున్నారు. మొదటి రోజు వాళ్లకు బ్రేకు వేయడం తప్ప మరేమీ నేర్పడం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
గుంటూరు.