కొత్త ఇంజిన్ పనిలో సునాబెడాను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన దేశంలో తయారుచేయబోయే కొత్త యుద్ధవిమానం ఇంజిన్ గురించి ఈ లేఖ. నేను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడాలో ఉంటాను. బడిపిల్లలకు లెక్కలు చెబుతాను. మా నాన్న విజయనగరం దగ్గర ఒక పల్లె నుంచి సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి, ఇక్కడి హెచ్‌ఏఎల్ (ప్రభుత్వ విమానాల తయారీ సంస్థ) ఇంజిన్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మాలాంటి తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, డ్యూటీలో హిందీ.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు పలికినప్పుడు నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. అందరూ విమానం ముక్కు వైపు చూస్తుంటే ఆయన తోక వైపే చూశారు. ఇంజిన్ ఉండేది అక్కడే కదా. ఆ విమానానికి ఒళ్లు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజిన్ మా సునాబెడాలో తయారయ్యేవి. తర్వాత మిగ్-29 ఇంజిన్లు, సుఖోయ్-30 ఇంజిన్లు కూడా మా ఊరికే వచ్చాయి. 2024 సెప్టెంబరులో 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువైన 240 సుఖోయ్ ఇంజిన్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ పని ఎనిమిదేళ్లు సాగుతుంది. అందుకు మా ఊరి తరఫున కృతజ్ఞతలు.

అయినా నాన్న చాలా ఏళ్లుగా అనే మాట ఒకటుంది. "డ్రాయింగు ఇస్తే చేస్తాం. చెయ్యి వణకకుండా చేస్తాం. కానీ అలాగే ఎందుకు గీశారో మాకెవరూ చెప్పలేదు." పరాయి డిజైన్‌ను లైసెన్సు మీద తయారుచేయడానికీ, సొంతంగా డిజైన్ చేయడానికీ మధ్య ఉన్న దూరం ఇదే. ఈ లేఖ రాస్తున్నది దీని కోసమే.

మన దేశం విమానాలు గీయలేదని కాదు. జర్మన్ డిజైనరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో రూపొందిన మారుత్ యుద్ధవిమానం 1961లోనే ఎగిరింది. విమానం అందంగా కుదిరింది, 1971 యుద్ధంలో పనిచేసింది కూడా. కానీ దానికి తగిన బలమైన ఇంజిన్ దొరకలేదు. రెండు ఆర్ఫియస్ ఇంజిన్లు పెట్టినా, అనుకున్న వేగాన్ని ఎప్పుడూ అందుకోలేకపోయింది. మన సొంత యుద్ధవిమానం తేజస్ కోసం 1989లో మంజూరైన కావేరి ఇంజిన్ కథా అంతే. 81 కిలోన్యూటన్ల బలం రావాలనుకున్నారు, రాలేదు. చివరికి 2001లో తేజస్ అమెరికా ఇంజిన్‌తోనే ఎగిరింది. తేజస్ మార్క్ 1ఏ కోసం 2021లో 99 ఇంజిన్లు ఆర్డర్ చేస్తే, మొదటిది చేతికందింది 2025 మార్చిలో. విమానం ఎంత బాగా కట్టినా, ఇంజిన్ ఇంకొకరి దగ్గర ఉంటే ఆ ఎదురుచూపు మనకు తప్పదు.

ఇప్పుడు రాడార్‌కు చిక్కని కొత్త యుద్ధవిమానం ఏఎంసీఏ వస్తోంది. దాని నమూనాల కోసం 2024 మార్చిలో దాదాపు 15,000 కోట్లు మంజూరు చేశారు. ఈ విమానంలో ఇంజిన్ లెక్క ఇంకా కష్టం. రాడార్‌కు దొరకకూడదు. అంటే ముందు నుంచి చూస్తే ఇంజిన్‌లో గాలిని ఒత్తే కంప్రెసర్ బ్లేడ్లు కనిపించకూడదు, అందుకే గాలి లోపలికి వెళ్లే దారిని పాములా వంచుతారు. ఆ వంపులో గాలి తడబడకుండా ఇంజిన్‌కు చేరాలి. వెనక నుంచి వెళ్లే వేడి కూడా శత్రువుకు గుర్తే. ఇక మండిన గాలి తోసి తిప్పే టర్బైన్ దగ్గర గాలి వేడి, బ్లేడు లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. బ్లేడు లోపల సన్నటి దారులు చేసి, వాటిలో చల్లటి గాలి పంపి దాన్ని కాపాడుతూ ఉండాలి. ఒకే స్ఫటికంగా పోత పోసిన బ్లేడ్లు హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ చేసి చూపించింది. అది చూసి నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

ఇలాంటి బ్లేడును వేల గంటలు నడిచాక విప్పి, ఎక్కడ పగులు మొదలైందో, ఎక్కడ పూత లేచిపోయిందో చూసినవాళ్లు ఎక్కడున్నారు? ఇక్కడే ఉన్నారు. ఇంజిన్లను విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ షాపులో ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి పాత ఇంజిన్ల రోగాలన్నీ తెలుసు. కొత్త ఇంజిన్ గీసేవాళ్లకు కావలసింది ఆ అనుభవమే. కానీ ఆ తరం ఏటేటా రిటైరవుతోంది. మా వీధిలోనే చూస్తున్నాను, విశాఖకో, సొంతూరికో సామాన్లు సర్దుకుని వెళ్లిపోతున్నారు.

ఫ్రాన్స్‌కు చెందిన ఇంజిన్ల సంస్థ సఫ్రాన్‌తో కలిసి పెద్ద ఇంజిన్‌ను మన దేశంలోనే తయారుచేస్తామని 2025 ఆగస్టులో ప్రకటించారు. దయచేసి ఆ పని మొదలైన రోజు నుంచే సునాబెడా ఫిట్టర్లను, ఇంజిన్‌ను బిగించి నడిపి పరీక్షించే టెస్ట్ బెడ్ ఆపరేటర్లను, బెంగళూరులోని ఇంజిన్ల పరిశోధన సంస్థ జీటీఆర్ఈ డిజైనర్ల పక్కన కూర్చోబెట్టండి. డ్రాయింగులన్నీ ఖాయమయ్యాక తయారీకి పంపడం కాదు, గీస్తున్నప్పుడే అడగండి. రిటైరైనవాళ్లను రెండు మూడేళ్లు శిక్షకులుగా పిలవండి. నాన్న లాంటివాళ్లు డబ్బు కోసం కాదు, పిలుపు కోసం చూస్తున్నారు.

ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీ మా సునాబెడాలోనే ఉంది. అక్కడ గ్యాస్ టర్బైన్ల మీద ఒక కోర్సు పెట్టించండి. ఫ్యాక్టరీ కోసం ఒకప్పుడు భూములిచ్చిన ఆదివాసీ పల్లెల పిల్లలకు అప్రెంటిస్ సీట్లలో ముందు చోటివ్వండి. మా కుటుంబాలు ఇక్కడికి వచ్చి బతికాయి. ఈ నేల వాళ్లది. నా క్లాసులో లెక్కలు చురుగ్గా చేసే పిల్లల్లో సగం మంది ఆ పల్లెలవాళ్లే.

ఇంకొక్కటి. కావేరిని గాల్లో పరీక్షించడానికి రష్యా తీసుకెళ్లి, వాళ్ల ఐఎల్-76 విమానానికి తగిలించి ఎగరేయాల్సి వచ్చింది. ఘాతక్ లాంటి పైలట్ లేని విమానాలకు కావేరి రకం ఇంజిన్‌నే అనుకుంటున్నప్పుడు, కొత్త పెద్ద ఇంజిన్ కూడా వస్తున్నప్పుడు, పరీక్షల కోసం ప్రతిసారీ పరాయి దేశంలో వరుసలో నిలబడలేం. అలాంటి ఎగిరే టెస్ట్ బెడ్ మనకూ ఒకటి కావాలి. దాని బడ్జెట్‌ను కొత్త ఇంజిన్ బడ్జెట్‌తో పాటే మంజూరు చేయండి.

మీరు సునాబెడా వచ్చినప్పుడు రిటైరైన ఫిట్టర్లతో ఒక గంట కూర్చోండి. నాన్నను నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
సునాబెడా నుంచి ఒక లెక్కల టీచరు