మొహమాటం మీద పది శాతం

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో ఈమధ్య ఫైన్ డైనింగ్ అని బోర్డు పెట్టిన రెస్టారెంట్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వాటిలో కొన్ని మనల్ని అడక్కుండానే బిల్లులో పది శాతం సర్వీస్ చార్జీ కలిపేస్తున్నాయి. ఆ పది శాతం గురించే ఈ ఉత్తరం.

ముందే చెప్తున్నా, ఈ హోటళ్ళు రావద్దనే మనిషిని కాదు నేను. మా ఊళ్ళో ఇంట్లో ఆడవాళ్ళను తీసుకుని బయట తినాలంటే ఒకప్పుడు ఏముండేది? ఇరుకు మెట్లెక్కి పైకి పోతే పరదా కట్టిన ఫ్యామిలీ సెక్షన్, గీరుకుంటూ తిరిగే ఫ్యాను, చేతులు కడుక్కునే చోట ముక్కు మూసుకోవాల్సిన వాసన. పెళ్ళిరోజో పుట్టినరోజో అయితే నార్కట్‌పల్లి హైవే మీదికి పోవాలి, ఇంకాస్త ఉత్సాహం ఉంటే హైదరాబాదే పోవాలి. ఇప్పుడు ఊళ్ళోనే ఏసీ హాలు, శుభ్రమైన బాత్రూంలు, పిల్లలు గోల చేసినా విసుక్కోని పనివాళ్ళు ఉన్నారు. రేట్లు ఎక్కువే, కానీ మెనూలో రాసే ఉంటాయి కదా, నచ్చితే కూర్చుంటాం, లేదంటే గడియారం సెంటర్ వైపు పోయి ఇంకేదైనా తింటాం. రేటుతో నాకు పేచీ లేదు. రాసిన రేటు ఒకటి, కట్టే డబ్బు ఇంకొకటి అయినప్పుడే పేచీ.

ఎట్లాగో లెక్క చూడండి. రెండు వేల రూపాయల భోజనం చేశారనుకుందాం. 5 శాతం జీఎస్టీ వంద, మొత్తం 2,100 కావాలి. వీళ్ళేం చేస్తారంటే ముందు సర్వీస్ చార్జీ రెండు వందలు కలిపి, ఆ 2,200 మీద జీఎస్టీ వేస్తారు. 2,310 అవుతుంది. అంటే ఇవ్వాల్సిన అవసరమే లేని డబ్బు మీద మళ్ళీ పన్ను కూడా మనమే కడుతున్నాం. ఒకచోట, పేరు రాయను, ఇదేంటని అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన "సిస్టమ్‌ల అట్లనే వస్తది సార్, హైదరాబాద్‌ల కూడా గింతే" అన్నాడు. తీసెయ్యమంటే తీసేశాడు, అది కూడా చెప్పాలి. కాకపోతే కొత్త బిల్లు వచ్చేదాకా కౌంటర్ దగ్గర నిలబెట్టాడు, మా వెనక డబ్బులు కట్టడానికి వచ్చినవాళ్ళంతా ఈయనకేం రోగం అన్నట్టు చూస్తున్నారు.

హైదరాబాద్‌లో అయినా ఇది చెల్లదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ చార్జీ దానంతట అదే బిల్లులో పడకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, ఇవ్వకపోతే లోపలికి రానివ్వం అనకూడదు, బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. ఇస్తే మనిష్టం, లేదంటే లేదు. దీని మీద రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి మార్గదర్శకాలు సరైనవేనని చెప్పింది, సంఘాలకు చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. వాళ్ళు అప్పీలుకు పోయారు, ఆ గొడవ వాళ్ళది. మన టేబుల్ దగ్గర మాత్రం "తీసెయ్యండి" అంటే తీసెయ్యాల్సిందే.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మా ఊళ్ళో ఎవరూ ఎందుకు అడగరు? నాకు తోచింది చెప్తాను. హైదరాబాద్‌లో పక్క టేబుల్‌లో ఎవరున్నారో మనకు తెలియదు, ఇక్కడ పక్క టేబుల్‌లో మన ఆఫీసు సారు ఉంటాడు, లేకపోతే మన పిల్లల ట్యూషన్ టీచరమ్మ, అదీ కాకపోతే బామ్మర్ది స్నేహితుడు. రెండు వందల కోసం కౌంటర్ దగ్గర మాట పెంచితే తెల్లారేసరికి ఆ ముచ్చట రామగిరి దాటి పానగల్లు దాకా పోతుంది. పైగా ఇలాంటి చోటికి మనం ఒక్కళ్ళమే పోయి తినం కదా. ఎవరినో పిలిచి తినిపించడానికి పోతాం. ఇప్పుడు పెళ్ళిచూపులు కూడా ఇక్కడే పెట్టుకుంటున్నారు, ఇంటికి పిలిచి హడావిడి ఎందుకు, అందరికీ సౌకర్యం అని. అబ్బాయి తరఫువాళ్ళు ఎదురుగా కూర్చుని సోంపు నములుతుంటే అమ్మాయి నాన్న బిల్లు కళ్ళ దగ్గరికి పెట్టుకుని ఈ చార్జీ ఏమిటని అడుగుతాడా? అడిగితే వియ్యంకుడు పిసినారి అని అక్కడే రాసుకుంటారు. కొత్త అల్లుడిని తీసుకుపోయినా అంతే, అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు బిల్లు కడతానని చెయ్యి చాపినప్పుడు మనమే లాక్కుని కార్డు పెట్టినా అంతే. బిల్లు మడిచి ఇవ్వడం, దాని మీద సోంపు గిన్నె పెట్టడం, ఈ పద్ధతంతా చూస్తే ఎవరూ చదవరనే ధైర్యం మీదనే నడుస్తోంది అనిపిస్తుంది. చదివితే అడుగుతారు, కానీ అందరి ముందు చదవడమే మాకు నామోషీ.

నీళ్ళ సంగతి కూడా అంతే. కూర్చోగానే అడక్కుండా సీసా మూత తీసి గ్లాసుల్లో పోసేస్తారు. రెస్టారెంట్‌లో సీసా మీద ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లోనే చెప్పింది కాబట్టి రేటు గురించి కొట్లాడను. అయితే మామూలు ఫిల్టర్ నీళ్ళు కావాలా, సీసా కావాలా అని ఒక మాట అడిగితే ఏం పోతుంది? మర్రిగూడ వైపు బోరు నీళ్ళు తాగి నడుము వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా ఇది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా పేరే పెట్టుకున్నారు. నీళ్ళ విలువ మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, మంచి నీళ్ళకు డబ్బులు పెట్టడానికి వెనకాడం కూడా. అడిగి పొయ్యమంటున్నాం, అంతే.

జీఎస్టీ గురించి ఒక్క మాట. బిల్లు మీద 36తో మొదలయ్యే నంబర్ ఉందో లేదో చూడండి, 36 అంటే తెలంగాణ. కాంపోజిషన్ స్కీంలో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టుకునే పద్ధతిలో, ఉన్న హోటల్ అయితే కస్టమర్ దగ్గర జీఎస్టీ అసలు తీసుకోకూడదు, ఆ మాట బోర్డు మీద, బిల్లు మీద రాయాలి కూడా. అనుమానం వస్తే ఆ నంబర్ జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే వాళ్ళు ఏ స్కీంలో ఉన్నారో వచ్చేస్తుంది. అట్లాగే 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ కూడా 2022 జనవరి నుంచి బిల్లు మీద ఉండాల్సిందే.

ఇదంతా చదివి పాపం వడ్డించే పిల్లల కడుపు కొడుతున్నాడు అనుకోకండి. మాకు వడ్డించిన పిల్లవాడిది ఒడిశా. సర్వీస్ చార్జీ మీకు పంచుతారా అని అడిగితే తనకు వచ్చేది నెల జీతమేనని చెప్పాడు. మిగతా చోట్ల పంచుతారేమో, పంచితే సంతోషం. అసలు ఆ పిల్లలకు దెబ్బ ఎక్కడ పడిందంటే ఫోన్‌పే వచ్చాక చిల్లర తిరిగి రావడం లేదు, ప్లేట్‌లో యాభయ్యో వందో వదిలిపెట్టి లేచే అలవాటు పోయింది. యజమానులకు నిజంగా వాళ్ళ మీద ప్రేమ ఉంటే వడ్డించే పిల్లల పేరున వేరే క్యూఆర్ కోడ్ ఒకటి టేబుల్ మీద పెట్టండి, మంచిగ చూసుకుంటే మేమే వేస్తాం. మా అమ్మ అయితే బిల్లు రాకముందే ఆ పిల్లవాడి చేతిలో వంద పెట్టి "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగింది. వాడికి తెలుగు అర్థం కాలేదు, వంద అర్థమైంది.

అన్నట్టు మెనూ. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఇంగ్లీషే. మా అమ్మకు అన్నీ చదివి వినిపించేసరికి స్టార్టర్లు వచ్చేశాయి. ఆ అట్ట మీద ఒక తెలుగు లైను వేయిస్తే అయ్యే ఖర్చెంత? చిత్రమేమిటంటే మెనూలో కనపడని జొన్నరొట్టె, తలకాయ కూర రోడ్డు పక్కన బండి మీద సాయంత్రం ఏడు దాటితే దొరకవు, అంత గిరాకీ. మీ మంచి హాలులో, మీ మంచి రేటుకే పెట్టి చూడండి, కొనకపోతే అడగండి.

అధికారులకు నా విన్నపం చిన్నదే. తనిఖీలకు పోయినప్పుడు వంటగదితో పాటు బిల్లింగ్ కంప్యూటర్ కూడా ఒకసారి చూడండి, ఆ పది శాతం సిస్టమ్‌లో "దానంతట అదే" ఎట్లా పడుతోందో తెలుస్తుంది. ఇక మీ పత్రికకు ఒక మాట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915 అని చాలామందికి తెలియదు, కలెక్టర్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చని అసలే తెలియదు. ఆదివారాలు మా వాళ్ళు ఎక్కువగా బయట తింటారు కాబట్టి శనివారం జిల్లా పేజీలో ఆ నంబర్ ఒక చిన్న బాక్సు కట్టి వేయండి.

ఇట్లు,
రామగిరి నుంచి ఒక పాఠకుడు, నల్లగొండ