పసుపు రంగుదంతా జేసీబీ కాదు పాపా

పాపా,

ఎర్రగుంట్ల మామోళ్ళ ఆల్బమ్ లో నుంచి నువ్వు పంపిన ఫోటోలు అన్నీ చూసినా. ప్రతిదాని కింద జేసీబీ, జేసీబీ అని రాసినావు, మనూర్లో మట్టి తవ్వే బండిని అందరూ అట్లనే అంటారులే, నిజానికి అది ఒక కంపెనీ పేరు, కానీ మామ వాటిని ఫ్రేం కట్టిచ్చి ఆఫీసులో తగిలిస్తాడంట కదా, అప్పుడు పేరు తప్పుంటే వచ్చిన ప్రతి డ్రైవరూ నవ్వుతాడు.

మొదట ఆ కాలువ గట్టు ఫోటో. వెనకాల పెన్సిల్ తో 1974 అని ఉందన్నావు. మన దేశంలో ఎస్కార్ట్స్ అనే ట్రాక్టర్ల కంపెనీ వాళ్ళతో కలిసి బల్లభ్‌గఢ్ లో జేసీబీ మొదలైందే 1979లో, కాబట్టి అది ఇక్కడ చేసిన జేసీబీ అయ్యే పనే లేదు, అయితే బయటినుంచి వచ్చిందన్నా కావాల, లేదంటే ట్రాక్టరుకు బిగించిందన్నా కావాల. ఇంగ తవ్వేటప్పుడు బండి కదలకుండా నేలకు ఆనించే వెనక కాళ్ళు చూడు, మిడత కాళ్ళ మాదిరి పక్కలకు చాపుకోనుండాయి, తవ్వే బూమ్, అంటే ఆ పొడుగు చెయ్యి, సరిగ్గా నడిమధ్యలో నిలబడింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే జేసీబీకి కాళ్ళు నిట్టనిలువుగా దిగుతాయి, బూమ్ మొత్తం వెనక ఫ్రేము మీద కుడికీ ఎడమకీ జరుగుతుంది. నడిమధ్య బూమ్, చాపిన కాళ్ళు అంటే అమెరికా పద్ధతి, అక్కడ కేస్ అనే కంపెనీ వాళ్ళు 1957లోనే ట్రాక్టరూ, ముందు మట్టి ఎత్తే లోడరూ, వెనక తవ్వే బ్యాక్‌హో మూడూ ఒకే ఫ్యాక్టరీలో కలిపి 320 అని దించినారు. అట్లని వెంటనే కేస్ అని రాసేయొద్దు. జేసీబీ వాళ్ళు 1953లో చేసిన మొదటిది కూడా ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్ వెనక తగిలించిందే. కాళ్ళు చూసి పద్ధతి తెలుస్తాది గాని పేరు తెలీదు.

పేరు కోసం నేను ముందు ఇరుసు చూస్తా. బానెట్టు ఎవడైనా మారుస్తాడు, పెయింట్ అయితే చెప్పేపనే లేదు, కాంట్రాక్టర్ల యార్డులో ఏ బండి వచ్చినా ముందు పసుపు కొట్టేసేవాళ్ళు. పోత ఇనుము ఎవడూ మార్చడు. ఆ ఫోటో పెద్దది చేసి చూస్తే ముందు ఇరుసు వెనక్కి వంగినట్టుంది, స్టీరింగ్ రాడ్లు రెండు పక్కలా ఒక్కోటి పోతున్నాయి, అది ఫెర్గూసన్ ట్రాక్టర్ల గుర్తు, తర్వాత మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరుకీ అదే వచ్చింది. ముక్కు గుండ్రంగా కనపడుతోంది కాబట్టి 35 అనే నా నమ్మకం, వాళ్ళదే 135 అయితే ముక్కు చదరంగా ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసిన ఇండస్ట్రియల్ ట్రాక్టర్ అయ్యుంటే ఆ ఇరుసు నిటారుగా, లావుగా ఉండాల, ఎందుకంటే బకెట్ నిండా మట్టి ఎత్తితే బరువంతా ముందు చక్రాల మీదే పడతాది. అంటే ఎవరో పొలం ట్రాక్టరుకే లోడరు తగిలించుకున్నారు. పాపం ఆ ముందు బుష్షులు ఎన్నిసార్లు మార్చినారో! కింద "మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు, బిగించిన బ్యాక్‌హో" అని రాయి, బ్యాక్‌హో కంపెనీ పేరు వద్దు.

రెండో ఫోటో తిరగేసి కడిగినారు పాపా. తట్టలు మోసే ఆడోళ్ళ పైటలు కుడి భుజం మీద ఉండాయి చూడు, మగోళ్ళ చొక్కా జేబులూ కుడి పక్కనే. ముందు దాన్ని ఫోన్లో తిప్పు, లేదంటే సైలెన్సర్ ఏ పక్కనుందో చూసి మోడల్ చెప్పేవాడు ఖచ్చితంగా తప్పు చెప్తాడు.

కలర్ ఫోటోలో నంబర్ ప్లేటు ఏపీ 04, కడప నంబరే, అంటే ఫోటో 1989 తర్వాతది. అదీ పసుపే, కానీ గేర్‌బాక్స్ దగ్గర పెయింట్ లేచిపోయిన చోట నీలం కనపడుతోంది, అది ఫోర్డ్ ట్రాక్టర్ల రంగు. ఎస్కార్ట్స్ వాళ్ళు 1971 నుంచి ఫరీదాబాద్ లో చేసిన ఫోర్డ్ 3000 అనుకుంటున్నా, మూడు సిలిండర్లది. అనుకుంటున్నా అంటే ఇంకా రాయొద్దు అని. దానికి కొలత ఉంది. వెనక టైరు మీద 12.4-28 అని చదవగలిగితే రిమ్ము 28 అంగుళాలు, బండి సరిగ్గా పక్కనుంచి తీసిందైతే ఆ రిమ్ముతో పోల్చి వెనక చక్రం నడిమి నుంచి ముందు చక్రం నడిమి దాకా ఎంతుందో లెక్క కట్టొచ్చు. మాస్సీ 35కి అది ఆరడుగులు. ఫోర్డ్ 3000 దానికంటే కొంచెం పొడుగు.

అందుకే ఆ ఫోటో ఒక్కటీ మళ్ళీ పంపు, ఫోన్‌తో వద్దు, ప్రొద్దుటూర్లో ఏదైనా స్టూడియోలో స్కాన్ తీయించు, వెనక చక్రం మాత్రం విడిగా పెద్దది చేసి వాట్సాప్ లో డాక్యుమెంట్ లాగా పెట్టు, మామూలుగా పెడితే అక్షరాలు అలుక్కుపోతాయి. ఆల్బమ్ షీటుకు అతుక్కోనుంటే గుంజొద్దు, చిరుగుతుంది, షీటుతో సహా స్కాన్ చేయమను. మామను ఇంకోటి అడుగు, అప్పుడు బండి తోలిన డ్రైవర్ ఎవరైనా ఇంకా ఉన్నాడా అని. ఉంటే ఫోటోలు తీసుకోని నేనే పోతా.

అమ్మ నిన్ను టైముకు తినమంది.

మీ నాయన