గది కట్టొద్దురా శీనూ

కిసుము, కెన్యా
అక్టోబరు నెలాఖరు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. మన టెన్త్ బ్యాచ్ వాళ్ళంతా డబ్బులు పోగుచేసి నేను పనిచేస్తున్న ఈ అనాథాశ్రమం పిల్లలకి ఓ గది కట్టిద్దామనుకోవడం, నువ్వు డిసెంబర్లో పాపని తీసుకుని పదిహేను రోజులు వచ్చి ఉంటాననడం... నిజంగా కడుపు నిండిపోయింది. కానీ దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, ఆదివారం తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు ఇక్కడ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. అది తెలిస్తేనే తర్వాత నేను చెప్పబోయేది నీకు అర్థమవుతుంది.

కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది. సరస్సంటే మన కొల్లేరు అనుకోకు, దాదాపు 69 వేల చదరపు కిలోమీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. అయినా చూసిన మొదటిరోజే నాకు ఊరు గుర్తొచ్చింది, ఎందుకో తెలుసా? గుర్రపుడెక్క! మన భీమవరం కాలవల్లో లాగే ఇక్కడా నీళ్ళ మీద పచ్చగా పరుచుకుని పడవల్ని కదలనివ్వదు. భూమధ్యరేఖకి ఆనుకునే ఉన్నాం కాబట్టి పొద్దు పొడవడం, గుంకడం ఏడాదంతా దాదాపు ఒకే వేళకి. ఆరున్నరకి వెలుతురు, సాయంత్రం ఏడయ్యేసరికి చీకటి.

మా ఆశ్రమాన్ని ఇక్కడ హోమ్ అంటారు. హోమ్‌లో ఐదింటికే వంట ఆంటీ కట్టెల పొయ్యి రాజేస్తుంది. పొద్దున్నే ఉజీ అనే జావ. అందులో వేసే వింబీ పిండి ఏంటనుకున్నావు, మన రాగులే. అసలు రాగులు పుట్టిందే ఈ తూర్పు ఆఫ్రికా మిట్టనేలల్లో అట, వేల ఏళ్ళ కిందట ఇక్కడినుంచే మన దేశం చేరాయి. నేను రోజూ గ్లాసు నిండా తాగుతాను. ఆరింటికల్లా పిల్లలు యూనిఫాం వేసుకుని, స్వెట్టర్ తొడుక్కుని, బూట్లు మెరిసేలా తుడుచుకుని నడిచి బడికి పోతారు. బూట్ల విషయంలో వీళ్ళకున్న పట్టుదల చూడాలి. మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళినా గేటు దగ్గర మళ్ళీ ఓసారి తుడుచుకునే లోపలికెళతారు.

వాళ్ళు వెళ్ళాక నాకు అసలు పని మొదలవుతుంది. నువ్వనుకుంటున్నట్టు పిల్లల్ని ఎత్తుకుని ఆడించే పని కాదు. పొద్దంతా ఆఫీసు గదిలో ఫైళ్ళు. ఒక్కో పిల్లాడు ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎవరు తీసుకొచ్చారు, చుట్టాలెవరు, వాళ్ళ ఫోన్ నంబర్లేమిటి, టీకాలు ఏవేవి పడ్డాయి... కొన్ని ఫైళ్ళలో పేరు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలు నింపడంలో ఇక్కడి సోషల్ వర్కర్‌కి సాయం చేస్తున్నాను. మధ్యలో ట్యాంకులో నీళ్ళు చూడ్డం, ఎంపెసా అనే ఫోన్ డబ్బుతో కరెంటు టోకెన్ కొనడం, మార్కెట్టుకెళ్ళి మొక్కజొన్న పిండి బస్తా, ఒమేనా తేవడం. ఒమేనా అంటే సరస్సులో దొరికే చిన్నచేపలు, గట్టు మీద ఎండబెట్టి అమ్ముతారు. కిబుయే మార్కెట్లో ఆ వరసలోకి అడుగుపెడితే చాలు, కళ్ళు మూసుకుంటే భీమవరం సంతలో ఉన్నట్టే.

సాయంత్రం భోజనం దాదాపు రోజూ ఉగాలీ, సుకుమా అనే ఆకుకూర. ఉగాలీ అంటే పిండి ముద్ద. మరుగుతున్న నీళ్ళలో తెల్ల మొక్కజొన్న పిండి పోసి పెద్ద చెక్క తెడ్డుతో తిప్పుతూ గట్టిపడేదాకా ఉడికిస్తారు. ముప్ఫైమందికి పైగా పిల్లలకి సరిపడా తిప్పాలంటే భుజాలు పడిపోతాయి. ఆంటీ మాత్రం పాట పాడుతూ తిప్పేస్తుంది. సుకుమా తరిగే తీరు చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. పీట లేదు, కత్తిపీట లేదు. ఆకుల కట్ట ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేతి చాకుతో గాల్లోనే దారాల్లా సన్నగా కోసేస్తుంది. పిల్లలు మనలాగే చేత్తో తింటారు. ఉగాలీ ముద్ద వేళ్ళతో గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో కూర తీసుకుంటారు.

చపాతీ రోజు మాత్రం పండగే. ఈ ఊరికి రైలు 1901లో వచ్చింది. ఆ లైను వెయ్యడానికి మన దేశం నుంచి వేలమంది కూలీలు వచ్చారు. వాళ్ళూ, వాళ్ళ వెనకాలే వచ్చి దుకాణాలు పెట్టుకున్న గుజరాతీలూ, సిక్కులూ ఇక్కడ వదిలిన తిండి అది. ఇప్పుడు కెన్యాలో చపాతీ లేకుండా క్రిస్మస్ ఉండదు. మైదాతో, నూనె రాసి చుట్టచుట్టి మళ్ళీ ఒత్తుతారు, మన పరోటాలా పొరలు పొరలుగా వస్తుంది. నేను ఇండియావాణ్ణి కదా, చపాతీ నాకే బాగా వచ్చుననుకుంటారు పిల్లలు. అన్నం తినే ఊరు మాది అంటే నమ్మరు.

రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా చదువు. లెక్కలు నావి. నీకో సంగతి చెప్పాలి. ఆరో తరగతి పిల్ల ఒకతి ఉంది, దాని పెన్సిల్ నా చిటికెనవేలంత. పట్టుకోవడానికి చాలదని అయిపోయిన బాల్‌పెన్ గొట్టంలోకి దూర్చి రాస్తుంది. నోటుపుస్తకంలో మార్జిన్ కూడా వదలదు, అట్ట లోపలివైపు కూడా లెక్కలే. కొత్త పెన్సిల్ ఇస్తే తీసి దాచుకుంది, పరీక్షకట. నువ్వూ నేనూ గుంటూరులో కోచింగ్‌కి తిరిగిన రోజుల్లో మనకి ఈ పిల్లకున్న ఏకాగ్రతలో సగం ఉన్నా ఎక్కడో ఉండేవాళ్ళం. తొమ్మిదింటికి అందరూ దోమతెరల్లోకి దూరతారు. అంచులు పరుపు కింద దోపారో లేదో పిల్లల్ని చూసుకునే ఆంటీలు ఒక్కొక్క మంచం దగ్గరా వంగి చూస్తారు. సరస్సు ఒడ్డున మలేరియా అంటే ఇంట్లో మనిషికి జలుబు చేసినంత తరచుగా వస్తుంది, కానీ పసివాళ్ళ ప్రాణం తీస్తుంది.

ఇక అసలు సంగతికొస్తాను.

మనం అనాథాశ్రమం అనేస్తాం గానీ, ఇక్కడున్న పిల్లల్లో తల్లీతండ్రీ ఇద్దరూ లేనివాళ్ళు కొద్దిమందే. చాలామందికి అమ్మ ఉంది, లేదా నాయనమ్మ ఉంది, బాబాయిలు, అత్తలు ఉన్నారు. నవంబర్ వచ్చేసరికి బడి మూసేస్తారు, జనవరి దాకా సెలవులు. అప్పుడు సగానికి పైగా పిల్లలు సంచులు సర్దుకుని ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళొస్తారు. సెలవుల్లో ఉండడానికి ఇల్లు ఉన్నప్పుడు మిగతా రోజుల్లో ఎందుకు లేదు చెప్పు? నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అదేరా.

కారణం చిన్నదే, కానీ మొండిది. 1990ల్లో, ఆ తర్వాత కొన్నేళ్ళు ఈ సరస్సు చుట్టుపక్కల ఎయిడ్స్ ఊళ్ళకి ఊళ్ళని ఊడ్చేసింది. మధ్యవయసు వాళ్ళు పోయి, ముసలివాళ్ళూ పసివాళ్ళూ మిగిలారు. అప్పుడు వెలిశాయి ఇలాంటి హోమ్‌లు చాలా. ఇప్పుడు మందులు ఉచితంగా దొరుకుతున్నాయి, తల్లులు బతుకుతున్నారు. కానీ హోమ్‌లు ఉన్నాయి, మంచాలు ఉన్నాయి, విదేశాల నుంచి విరాళాలు వస్తున్నాయి. ప్రైమరీ బడిలో 2003 నుంచి ఫీజు లేదన్న మాటే గానీ యూనిఫాం, బూట్లు, పరీక్ష డబ్బులు, మధ్యాహ్నం తిండి అన్నీ కలిపితే పేదింటికి మోయలేని భారం. పక్క ఊళ్ళో హోమ్ ఉంది, అక్కడైతే బడి, తిండి, పడుకోవడానికి మంచం ఉన్నాయని తెలిస్తే ఏ నాయనమ్మ అయినా కన్నీళ్ళు మింగుకుని పంపించేస్తుంది. బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే.

అందుకే చెబుతున్నా, గది కట్టొద్దు. గది కడితే ఆరు మంచాలు పడతాయి. ఆ ఆరు మంచాల్లోకి ఆరు ఇళ్ళ నుంచి ఆరుగురు పిల్లలు వస్తారు. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. కెన్యా ప్రభుత్వమే 2017లో కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో పదేళ్ళ ప్రణాళిక ఒకటి తెచ్చింది, పిల్లల్ని మెల్లగా సొంత కుటుంబాలకో, పెంచుకునే కుటుంబాలకో చేర్చాలని. 2019 డిసెంబర్లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా ఇదే చెప్పింది, అనాథాశ్రమాల్లో వలంటీర్ల పేరుతో జరిగే టూరిజం పిల్లలకి చేటు చేస్తుందని కూడా.

ఆ చేటేమిటో నేను కళ్ళారా చూశాను. ఆగస్టులో పాతికమంది కుర్రాళ్ళు ఒక దేశం నుంచి వచ్చారు. మంచి పిల్లలే, మనసులో కల్మషం లేదు. రెండువారాలు పాటలు, ఆటలు, ప్రహరీకి రంగులు. నాలుగేళ్ళవాడొకడు మొదటిరోజు నుంచే ఒకమ్మాయి ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు, దిగలేదు. వెళ్ళేరోజు అందరూ ఏడ్చారు. బస్సు వెళ్ళిపోయాక వాడు గేటు ఊచలు పట్టుకుని ఉండిపోయాడు. ఏడవలేదు, పిలిస్తే పలకలేదు, అన్నం ముట్టలేదు. ఆంటీ వచ్చి ఏమీ మాట్లాడకుండా వాణ్ణి ఎత్తుకుని, వంటింట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని చేతిలో ఒక చాట పెట్టింది, చిక్కుళ్ళు ఏరమని. గంటసేపు ఏరాడు. ఆ తర్వాత కాస్త తిన్నాడు. ఇలా ఎన్నిసార్లు జరిగి ఉంటుందో వాడి బతుకులో. కొత్తగా ఎవరొచ్చినా పరిగెత్తుకెళ్ళి కాళ్ళు చుట్టేసుకుంటారే, దాన్ని చూసి మనం ఎంత ప్రేమో అనుకుంటాం. కాదురా. ఇంట్లో పెరిగిన పిల్లలు కొత్తవాళ్ళని చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. దాక్కోవడానికి వీళ్ళకి కొంగు లేదు.

అందుకే నేను చిన్నపిల్లల గదుల్లోకి వెళ్ళను. ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం ఆంటీలు చేస్తారు, ఎందుకంటే రేపూ ఎల్లుండీ ఉండేది వాళ్ళే. వాళ్ళ చేతిమీద పని నేను తగ్గిస్తే పిల్లలతో కూర్చునే తీరిక వాళ్ళకి దొరుకుతుంది. పిల్లల ఫోటోలు పంపమన్నావు, పంపను. పేర్లు కూడా రాయలేదు, గమనించావా? రేపు పెద్దయ్యాక వాళ్ళ కష్టం మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తిరిగిందని తెలిస్తే వాళ్ళకెలా ఉంటుంది? మన పిల్లల ఫోటోలు అలా తిరిగితే ఊరుకుంటామా?

మంచిరోజు గురించి కూడా చెప్పాలి నీకు. మొన్న సోషల్ వర్కర్‌తో కలిసి సియాయా వైపు ఒక పల్లెకి వెళ్ళాం, తొమ్మిదేళ్ళవాణ్ణి నాయనమ్మకి చూపించి తేవడానికి. మటాటూ అనే షేర్ వ్యానులో ఇరుక్కుని కొంతదూరం, అక్కడినుంచి బోడాబోడా అనే అద్దె మోటారుసైకిళ్ళ మీద ఎర్రమట్టి దారిలో. మట్టి గోడలు, రేకుల కప్పు, ముంగిట్లో మామిడిచెట్టు. ఆవిడ మాకు ఉడికించిన చిలగడదుంపలు, పాలు ఎక్కువ పోసిన టీ ఇచ్చింది. వీడు హోమ్‌లో నోరు విప్పడు, తల వంచుకునే ఉంటాడు. ఇక్కడ దిగాడో లేదో, ఎవరూ చెప్పకుండానే గోడపక్కనున్న పసుపుపచ్చ నీళ్ళ డబ్బా తీసుకుని, పెదనాన్న పిల్లలతో వాగు వైపు పరిగెత్తాడు. దారి వాడికి తెలుసు. ఆ వెళ్ళేటప్పుడు వాడి నవ్వు వాగు గట్టు దాకా వినిపించింది.

నాయనమ్మ అడిగింది ఎంతో తెలుసా? తిండి నేనే పెట్టుకుంటాను, బడి ఖర్చు చూడండి చాలు అంది. ఇక్కడి ప్రభుత్వం ఇలాంటి ఇళ్ళకి నెలకి 2,000 షిల్లింగులు ఇచ్చే పథకం ఒకటి ఉంది, ఆవిడ పేరు అందులో ఎక్కలేదు. ఆ కాగితాలు పెట్టించే పని మీదే ఉన్నాం ఇప్పుడు. వాణ్ణి ఇక్కడ ఉంచి పోషించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆవిడ అడిగింది ఎంతో తక్కువ. జనవరి టర్మ్‌కి వాడు అక్కడి బడిలోనే చేరతాడు.

అందరికీ ఇలా కుదరదు, అదీ చెప్పాలి. ఇంట్లో కొట్టేవాళ్ళుంటే, ఎవరూ లేకపోతే, జబ్బుకి రోజూ మందులు వేసేవాళ్ళు లేకపోతే పంపడం అన్యాయం. అలాంటి పిల్లలకి ఈ హోమ్ కావాలి, ఈ ఆంటీలు కావాలి. మిగతావాళ్ళ సంగతే నేను మాట్లాడేది.

నువ్వు చెయ్యగలిగింది ఇదీ. బ్యాచ్ డబ్బు గదికి కాకుండా, ఇంటికి వెళ్ళే పిల్లల యూనిఫాం, పరీక్ష డబ్బులు, రెండేళ్ళపాటు సోషల్ వర్కర్ తిరగడానికి అయ్యే ఛార్జీలకి ఇమ్మను. శిలాఫలకం ఉండదని మనవాళ్ళు కొందరు గొణుగుతారు, తెలుసు. వాళ్ళకి ఈ ఉత్తరం చదివి వినిపించు, పర్లేదు. పాపకి లోకం చూపించాలంటే తప్పకుండా కెన్యా తీసుకురా, మసాయి మారా అడవి జంతువుల్ని చూపించు, సరస్సు పక్కన దుంగా గట్టు మీద వేయించిన తిలాపియా చేప తినిపించు, నేనే దగ్గరుండి తిప్పుతాను. హోమ్‌కి మాత్రం వద్దు. నీకు నిజంగా ఇక్కడ పనిచెయ్యాలని ఉంటే రిటైరయ్యాక ఏడాదికి తక్కువ కాకుండా రా. టూరిస్టుగా దిగి ఈ పని చెయ్యకూడదు, దానికి వేరే అనుమతి తీసుకోవాలి. బ్యాంకులో ఇన్నేళ్ళు చేసినవాడివి, ఈ ఆఫీసు లెక్కలు ఒక కొలిక్కి తెస్తే అంతకంటే పెద్దసాయం ఉండదు.

వచ్చే గురువారం హోమా బే వైపు వెళ్తున్నాం, ఒక అక్కా తమ్ముడి మేనత్త ఆచూకీ దొరికింది. వానలు మొదలయ్యాయి, దారి ఎలా ఉంటుందో ఏమో. మన బ్యాచ్ ఏమందో నవంబర్ పదిలోపు చెప్పు, జనవరికి యూనిఫాం కుట్టించడానికి దర్జీకి ముందే చెప్పుకోవాలి. మోకాలి నొప్పి ఎలా ఉంది? డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నావా లేదా? పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
సత్తి